ఆదెన్న పెంచిన నీలం

ఆదెన్న టీవీ చెడగొట్టాడు. ఇందులో రెండో మాట లేదు. మాట వినబడడం లేదని పిలిస్తే వచ్చి, మాట బాగుచేసి, ఎవరూ అడగకపోయినా రంగులు కూడా బాగుచేసి పోయాడు. బెళుగుప్పలో పనిమంతులు ఇట్లాగే ఉంటారు.

ఈ సంగతి శ్రీరంగప్పకు మరునాటి పొద్దున తెలిసింది. ఆ రోజు ఆయన భార్య కదిరమ్మ పోయిన తిథి. ఆమె పోయి ఐదేళ్లు. గుమ్మఘట్ట నుంచి కూతురు ఈశ్వరి, అల్లుడు తిప్పేష్ ముందురోజే వచ్చారు. ఆయన అనుకున్నది చిన్న పని. స్నానం చేసి, ఈశ్వరి పెళ్లి సీడీ పెట్టి, కదిరమ్మను ఒకసారి చూసి, తర్వాత ఆమె పటం ముందు ఆకు వేసి వడ్డించడం.

కదిరమ్మకు కెమెరా అంటే సిగ్గు. మూడు గంటల పెళ్లిలో ఆమె దొరికింది ఒక్కచోట, పన్నెండు సెకన్లు. చిలకపచ్చ ధర్మవరం పట్టుచీర కట్టుకుని, అటు తిరిగి, భోజనాల బంతిలో పాయసం వడ్డిస్తుంది. ముఖం కనబడదు. కొప్పు, వీపు, అంతే. ఐదేళ్లుగా ప్రతి శనివారం శ్రీరంగప్ప ఆ పన్నెండు సెకన్లూ చూస్తున్నాడు. మిగతా పెళ్లితో ఆయనకు పని లేదు. ముఖ్యంగా కదిరమ్మ చెల్లెలు నల్లమ్మ వచ్చేచోట రిమోటు నొక్కి దాటించేవాడు. కదిరమ్మ పోయిన పదోరోజు, భోజనాల ఆకులు ఎత్తకముందే "అక్క చీర నాకియ్యి బావా, గుర్తుకు పెట్టుకుంటా" అని అడిగిన మనిషి ఆమె. ఆనాడే గడప తొక్కవద్దన్నాడు. తర్వాత మాటల్లేవు. ఆమె ఇల్లు పక్క వీధిలోనే. ఎదురుపడితే ఆయన గోడవైపు తిరిగి నడిచేవాడు.

ఆ పొద్దున పన్నెండు సెకన్లు వచ్చాయి. చీర చిలకపచ్చగా లేదు. నెమలికంఠం రంగులో ఉంది.

ఆదెన్నను పిలిపించాడు.

"ఏమప్పా, నా పెండ్లాం చీరను ఏం చేసినావు?"

"నేనేం చేస్తి అన్నా? నీలం బాగా తగ్గిపోయిండె, పెంచినా. టీవీలో మనుషులంతా కామెర్లొచ్చినోళ్ల మాదిరి ఉండ్రి."

"నా ఇంట్లో ఎవరికి కామెర్లో నేను చెప్తా. పెంచినంతా తగ్గించు."

"ఎంత పెంచినానో రాసిపెట్టుకుంటారా యాడన్నా? గుర్తు చూపించు, దానికి సరిగా పెడతా."

శ్రీరంగప్ప పెట్టె తెరిచి చీర తీశాడు. కలరా ఉండల వాసన ఇల్లంతా కొట్టింది. చీరను టీవీ పక్కన దండెం మీద వేశాడు. చిలకపచ్చ. ఎవరికైనా కనబడుతుంది. ఆదెన్న టీవీ వెనక మూత విప్పి, బొమ్మ కనబడేటట్టు ఎదురుగా అద్దం నిలబెట్టుకుని, వెనక నుంచి స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాడు. శ్రీరంగప్ప ముందు నిలబడి "ఇంకా, ఇంకా" అన్నాడు. చివరికి టీవీలో చీర దండెం మీది చీరతో సరిపోయింది.

వడల పిండి చేతులతో ఈశ్వరి వచ్చి చూసింది. "నాయనా! నేనేంది, పచ్చి మామిడికాయ మాదిరి ఉండా?"

తిప్పేష్ మంచం మీద నుంచి లేచి వచ్చాడు. పెళ్లిపీటల మీద తనను తాను చూసుకున్నాడు. "నేను సచ్చి మూడు దినాలైనట్లు ఉండాది. మామా, ఈరోజు తిథి అత్తకా, నాకా?"

గొంతులు లేచేసరికి ఇరుగుపొరుగు వచ్చారు. పిలవనిచోట సలహాకు కరువు ఉండదు. వానకు తప్ప ఈ ఊళ్లో దేనికీ మనుషులు ఎదురుచూడరు. ఒకామె టమోటా తెచ్చి, ఎరుపుకు ఇదే గుర్తంది. దానికి సరిచేస్తే పురోహితుని పంచె రోజారంగు అయింది. ఇంకొకామె పసుపు కొమ్ము తెచ్చింది. దానికి సరిచేస్తే పందిట్లో పాలు ఆముదమయ్యాయి. మళ్లీ చీరకు తిప్పితే అల్లుడు మళ్లీ చచ్చాడు.

"నా మొగుణ్ని ఎన్నిసార్లు సంపుతారు?" అని ఈశ్వరి అరిచింది.

ఆదెన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "అన్నా, టమోటాతో అయ్యే పని కాదిది. ఆ పెండ్లిలో కట్టిన చీర ఇంకోటి కావల్ల. మొగం తెలిసిన మనిషి కట్టుకోని, ఆ సీడీలోనే కనపడల్ల. దానికి సరిచేస్తే అన్నీ సరిపోతాయి."

ఈశ్వరి నేల చూస్తూ అంది: "చిన్నమ్మది ఉండాది నాయనా. అమ్మది, చిన్నమ్మది ఒగే మగ్గం మింద జతగా నేయించినారు. అమ్మది చిలకపచ్చ, ఆమెది నెమలికంఠం."

శ్రీరంగప్ప పళ్లు కొరికాడు. కానీ ఇంతమంది ముందు ఆదెన్న ఓడిపోవాలి. "చీర తెప్పించండి. మనిషి అక్కర్లేదు" అన్నాడు.

నల్లమ్మ చీర కట్టుకుని వచ్చింది. ఐదేళ్ల తర్వాత గడప దాటి, టీవీ పక్కన నిలబడింది. "ఏం బావా, నా చీర అడిగినావంట. నేను పెట్టెలో పెట్టి బీగం వేసుకోలేదప్పా, కట్టుకుంటాండా. అందుకే విప్పి పంపేదానికి కాలేదు."

శ్రీరంగప్ప ఆమె వైపు చూడలేదు. "ఆదెన్నా, కానీ" అన్నాడు.

ఆయన ఐదేళ్లుగా దాటించిన చోట ఆదెన్న బొమ్మను నిలిపాడు. నల్లమ్మ పెళ్లికూతురికి గంధం పూస్తోంది. ముఖం స్పష్టంగా ఉంది. ఆదెన్న అద్దంలో టీవీ చీరను, ఎదుట ఉన్న చీరను చూస్తూ ఒక్కొక్క స్క్రూ తిప్పాడు. పంచె తెల్లబడింది. టమోటా సరిపోయింది. పసుపు కొమ్ము సరిపోయింది. అల్లుడు బతికాడు. పొరుగువాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు పాయసం పెట్టు" అన్నాడు శ్రీరంగప్ప, కోర్టులో సాక్షిని పిలిచినట్టు.

పాయసం వచ్చింది. కొప్పు, వీపు, నెమలికంఠం రంగు చీర.

"యో, అది నేను గదా!" అంది నల్లమ్మ.

శ్రీరంగప్ప ఐదేళ్లుగా ఆమె ముఖం కనబడకుండా జాగ్రత్తపడ్డాడు. వీపు విషయంలో ఆయనను ఎవరూ హెచ్చరించలేదు.

"మరి అమ్మ యాడుండాది?" అంది ఈశ్వరి.

"ఆడనే ఉండాది సూడు. ఎడమపక్క." నల్లమ్మ టీవీ దగ్గరికి వంగి వేలు పెట్టింది. "కెమెరా వస్తాంటే నన్ను ముందుకు నూకి, గోడ సాటుకు పోయింది మీయమ్మ."

ఆదెన్న బొమ్మను నిలిపాడు. తెర అంచున ఒక చెయ్యి నల్లమ్మ వీపును నెడుతోంది. గాజులు, మోచేతి దాకా చిలకపచ్చ కొంగు. రెండు చీరలూ ఒకే పచ్చగా కనబడినన్నాళ్లూ అది వడ్డించే మనిషి కొంగే అనిపించింది. ఇప్పుడు వేరుగా ఉంది. దండెం మీది చీరకు, దానికి వెంట్రుకవాసి తేడా లేదు.

శ్రీరంగప్ప చాలాసేపు చూశాడు. టీవీ వెనక నుంచి ఆదెన్న అడిగాడు: "సరిపాయనా అన్నా?"

ఎవరో మూల నుంచి నవ్వారు. ఒకరు నవ్వితే ఆగదు.

"అయితే బావా," అంది నల్లమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఐదేండ్లు శనివారం శనివారం నన్ను సూస్తా కూసున్యావన్నమాట. ఊళ్లో అడిగితే ఏమని చెప్పల్ల?"

శ్రీరంగప్ప టీవీ ఆపాడు. ఆమె వైపు తిరిగాడు.

"ఏమీ చెప్పొద్దు. నేనూ చెప్పను. ఈ మాట ఈడికి అయిపాయ. ఆకు ముందర కూసో."

ఐదేళ్ల తర్వాత మరదలితో ఆయన ఆడిన మొదటి మాట అది. ఆ సంగతి గురించి ఎవరితోనైనా ఆడిన చివరి మాట కూడా అదే.