వంద నాణేల తోక

బావమరుదులు ఆయనకు గొలుసు బావ అని పేరు పెట్టారు. లెక్కలన్నీ గొలుసుకట్టుగా, మళ్లీ చెరపడానికి వీల్లేకుండా రాసిపెట్టే బ్లాక్‌చైన్ కంపెనీలో ప్రోగ్రామరు. ఆ చైన్ గురించి ఒక్కసారి మొదలుపెట్టాడంటే విన్నవాడు కట్టు తెంపుకుని పారిపోవలసిందే.

మేడమీద చిన్న గది ఖాళీ అయింది. గొలుసు బావకు అందులో మూడు కంప్యూటర్లు పెట్టుకోవాలని ఉంది. మందుల షాపు నడిపే భార్యకు కావలసింది ఒక కుర్చీ, ఒక పుస్తకం, తలుపుకు లోపలి గడియ. పదకొండేళ్ల కాపురంలో ఆవిడ తనకంటూ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

"గొడవెందుకోయ్! మనింటికో నాణెం తయారుచేస్తాను," అన్నాడాయన. "మొత్తం వందే. పని చేసినవాళ్లకి నాణేలు. నెలాఖరుకి ఎవరి దగ్గర ఎక్కువుంటే గది వాళ్లది."

"వందేనని నమ్మకమేంటి?"

"చైన్‌నే అడుగు! దానికో ఏపీఐ ఉంటుంది, బ్యాంకులో కిటికీ లాంటిదనుకో. టోటల్ సప్లై, అంటే మొత్తం నాణేలెన్ని అని అడిగావా, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. మొగుడైనా అబద్ధమాడతాడేమో గానీ అది ఆడదు."

అని ఊరుకున్నా బాగుండేది. ఆవిడ ఫోన్లో అడగడానికో బటన్ కూడా పెట్టి, తన గొయ్యి తనే తవ్వుకున్నాడు.

నెలాఖరు ఆదివారం పొద్దుటికి వందా పంచేశారు. భార్యకు అరవై, ఆయనకు నలభై. ఆ నలభైలో పది బట్టలు మడతపెట్టినందుకు. న్యాయంగా అవి, ఆ మడతలన్నీ విప్పి మళ్లీ మడతపెట్టిన ఆయన అత్తగారికి రావాలి.

అయితే కొత్త నాణేలు పుట్టించే తాళం ఆయన దగ్గరే ఉంది. చప్పుడు కాకుండా తన పేర 25 అని కొట్టి నొక్కేశాడు. నలభైకి ఇరవై అయిదు కలిపితే అరవై అయిదు! ఈల వేసుకుంటూ టేపు పట్టుకుని గది కొలవడానికి మేడెక్కాడు.

దిగొచ్చేసరికి భార్య, షాపులో మాత్రలు లెక్కపెట్టినట్టు పెన్ను కొనతో ఫోన్లో అంకెలు లెక్కపెడుతోంది.

"ఏమండీ, టోటల్ సప్లైకి ఇన్ని సున్నాలేంటి?"

"అదా!" ఆయనకు హుషారొచ్చింది. "నువ్వు గ్రాము మందుని మిల్లీగ్రాముల్లో రాస్తావే, అలాగే. చైన్ లెక్కంతా నలుసుల్లో. ఒక్క నాణెమంటే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు."

"అయితే వంద పక్కన పద్దెనిమిది సున్నాలుండాలి."

"కచ్చితంగా!"

"పదహారే ఉన్నాయి. చివర ఇరవై అయిదని తోకుంది."

ఆయన హుషారు దిగిపోయింది.

"నిన్న ఈ తోక లేదే?"

"తాళం అల్లుడుగారి దగ్గరేగా ఉందే!" వంటింట్లోంచి అత్తగారు అందించారు.

ఆయన గబగబా తన ఖాతా తెరిచాడు. నలభై, చుక్క, సున్నాల బారు, ఆ చివరెక్కడో బిక్కుబిక్కుమంటూ ఇరవై అయిదు. సున్నాలు పెట్టడం మరిచిపోయాడు. కొట్టేసింది ఇరవై అయిదు నాణేలు కాదు, ఇరవై అయిదు నలుసులు.

"మా షాపులో ఒక్క సున్నా తేడా వస్తే మనిషి ప్రాణం మీదికొస్తుంది. మీరు పద్దెనిమిది మింగేశారు!" నవ్వాపుకోలేక ఆవిడ గోడకి ఆనుకుంది. "దొంగతనమైనా సరిగ్గా రాదేంటండీ మీకు?"

"తీసేస్తానోయ్..."

"తీసేస్తే, తీసేసిన సంగతి కూడా అందులో ఉండిపోతుందని మీరేగా చెప్పారు! ఉండనివ్వండి."

సాయంత్రం ఆయన బెరుగ్గా మేడెక్కి తలుపు తట్టాడు. గడియ తీసిన చప్పుడైంది. లోపల కిటికీ పక్కన రెండు కుర్చీలున్నాయి.

"మూడు కంప్యూటర్లకి చోటు లేదు. ఒక మనిషికుంది," అంది భార్య పుస్తకంలోంచి తలెత్తకుండానే.

గొలుసు బావకు గుండె నిండిపోయింది. సంతోషంగా కూర్చోబోయాడు.

"ఆగండాగండి. కుర్చీ అద్దె ఇరవై అయిదు నాణేలు."

ఆయన ఫోను తీశాడు.

"ఈసారి సున్నాలన్నీ పెట్టి పంపండి."