బుగ్గ మీద మొటిమ, ఊరికి వరం

మొటిమంత మంచి వస్తువు ఈ లోకంలో ఇంకోటి లేదు!

నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను. ఊరినంతటినీ ఒక్కమాట మీదికి తేవడానికి ఎన్ని మీటింగులు పెడతారు? ఎన్ని మైకులు అరుగుతాయి? అదే పని ఆవగింజంత మొటిమ ఒక్క సాయంత్రంలో చేసిపెడుతుంది. మా అమలాపురంలో చేసింది కూడా. దగ్గరుండి చూసినవాణ్ణి కనక చెబుతున్నాను.

కేబుల్ టీవీ ఇంటింటికీ పాకుతున్న రోజులవి. మా వీధిలో కేబుల్ ఆపరేటరు బంగారరాజు గారు 'లోకల్ న్యూస్' అని మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం పావుగంట వార్తలు. రాసేది నేను. రిటైరైన తెలుగు మాస్టార్ని, అంతకంటే అర్హత ఏం కావాలి? చదివేది శ్రీవాణి. అప్పుడే డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న పిల్ల. గొంతు గంటలా ఖంగుమనేది. ఒత్తులు ఒత్తుల్లా, దీర్ఘాలు దీర్ఘాల్లా పలికేది. నేను తొందరలో తప్పు రాస్తే, చదివే ముందు నవ్వుతూ చూపించేది. ఎప్పటికైనా రేడియోలో వార్తలు చదవాలని ఆ పిల్ల కోరిక. అందుకు ఇది తొలిమెట్టు అనుకుంది.

మొదట్లో మా వార్తలు ఎవరైనా చూస్తున్నారో లేదో మాకే తెలిసేది కాదు. కొబ్బరికాయ ధర పడిపోయిందని చెప్పాం. ఉలుకూ పలుకూ లేదు. కరెంటు కోత వేళలు మారాయన్నాం. ఒక్క ఫోనూ రాలేదు. బంగారరాజు గారు దిగులుపడిపోయారు.

"మాస్టారూ, మన వార్తలు మనమే చెప్పుకుని మనమే వింటున్నామేమోనండీ!"

సరిగ్గా అప్పుడు పుట్టింది, శ్రీవాణి కుడిబుగ్గ మీద ఒక మొటిమ.

వార్తలు ఇంకా అవనే లేదు, ఆఫీసులో ఫోన్ మోగింది. మా వెనకవీధి చిట్టెమ్మ గారు. కంగారుగా ఉన్నారు.

"ఏవండీ, ఆ అమ్మాయి బుగ్గ మీద అదేంటండీ? వంకాయ తింటోందా ఏంటి? మానెయ్యమని చెప్పండి!"

ఆవిడ పెట్టేయగానే ఇంకొకరు. ఆయన గోంగూర వేడి అన్నారు. ఆయన తరవాత ఒకావిడ, ఆవకాయ అసలు ముట్టుకోకూడదన్నారు. ఆ రాత్రి ఫోన్ చల్లారలేదు. బంగారరాజు గారి మొహంలో వెలుగు చూడాలి! "మాస్టారూ, మనల్ని చూస్తున్నారండీ! ఊరంతా చూస్తున్నారండీ!" అని నన్ను దాదాపు వాటేసుకున్నారు.

చూశారా? కొబ్బరి ధర చేయలేని పని బుగ్గ చేసింది.

ఇక సలహాలకు కొదవేముంది? మన కోనసీమలో అతిథి కంచంలో నాలుగో గరిటె వడ్డించకుండా వదిలే ఇల్లుందా? సలహా విషయంలోనూ అంతే ఉదారులం. బజార్లో ఎదురుపడితే ఆగి, గడ్డం పట్టుకుని, వెలుతురుకేసి తిప్పి చూసేవారు. చేపలు మానమన్నవారున్నారు. మామిడిపండు మానమన్నవారున్నారు. పాలు తాగితే చర్మం నిగనిగలాడుతుందని ఒకరు, పాల వల్లే వచ్చిందని ఇంకొకరు. పసుపు పెట్టమని, శనగపిండి పెట్టమని, పుట్టమన్ను పెట్టమని, అసలేమీ పెట్టొద్దని. ఇంత శ్రద్ధ మనం మన డ్రైనేజీ మీద పెడితే ఈపాటికి ఊరు స్వర్గం కాదూ? కానీ డ్రైనేజీకి బుగ్గలేవీ?

శ్రీవాణి మర్యాదస్తురాలు. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండీ" అనేది. అనడమే కాదు, చేసేది కూడా. అక్కడొచ్చింది చిక్కు. వంకాయ మానేసింది. గోంగూర మానేసింది. చేపలు, గుడ్లు, పాలు, మామిడిపండు ఒకదాని వెనక ఒకటి కంచంలోంచి దిగిపోయాయి. కందిపప్పు వేడన్నారు, పప్పు పోయింది. పెరుగు కఫం అన్నారు, పెరుగూ పోయింది. చివరికి చారు నీళ్ళతో రెండు ముద్దలు కలుపుకుని లేచిపోయేది.

వాళ్ళమ్మ సుందరి గారు ఒకరోజు ఆఫీసుకే వచ్చారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"మాస్టారండీ, మీ మాటైనా వింటుందేమో చెప్పండి. పిల్ల అన్నం తినడం లేదండి. అదేంటే అంటే, అమ్మా, నువ్వు పెడతావు, మొటిమొస్తే ఊరంతా నన్నంటారు అంటోందండి."

నేను చెప్పాను. శ్రీవాణి తల వంచుకుని "ఇదొక్కటీ తగ్గిపోతే తింటాను మాస్టారూ" అంది. అదొక్కటీ తగ్గేసరికి పక్కన ఇంకో రెండు వచ్చాయి.

ఎందుకు రావు? బంగారరాజు గారి మేడమీద గదే మా స్టూడియో. రోడ్డు చప్పుడు పడుతుందని కిటికీలు మూసేవాళ్ళం. మైకులో గాలి చప్పుడు వస్తుందని ఫ్యాను కట్టేసేవాళ్ళం. ఎదురుగా రెండు పెద్ద ఫోకస్ లైట్లు. మొటిమలు కనపడకూడదని బంగారరాజు గారు మేకప్ మందంగా పూయించేవారు. ఆ ఉక్కలో ఆ పూత కింద మొటిమలు కాక మల్లెలు పూస్తాయా?

ఆ మధ్యలోనే కాలువ వార్త వచ్చింది. ఆ వేసవిలో కాలువకి నీళ్ళు మామూలుకంటే ముందే కట్టేస్తున్నారు, మంచినీళ్ళు ముందుగా పట్టి ఉంచుకోండి అని రాశాను. శ్రీవాణి ఆ వార్తను మొదట్లో ఒకసారి, ఆఖర్న ఒకసారి చదివింది. నెమ్మదిగా, విడమరిచి చదివింది. కాలువ కట్టేశారు. మర్నాడే చిట్టెమ్మ గారు ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆఫీసు గుమ్మంలోకి వచ్చేశారు.

"ఇదేం న్యాయమండీ! నీళ్ళు ఆగిపోతున్నాయని ముందు ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

"చెప్పామండీ," అన్నాను.

"ఎప్పుడండీ?"

"మీరు ఎడమబుగ్గ మీద కొత్తది వచ్చిందని ఫోన్ చేశారే, ఆ రోజేనండీ."

ఆవిడ బిందె చంక మార్చుకున్నారు. "అవునండోయ్, అది బాగా ఎర్రగా ఉందండీ," అన్నారు. నేను ఇంట్లోంచి ఒక బిందె నీళ్ళు పోయించి పంపాను.

ఇంతలో శ్రీవాణి జుట్టు ఊడడం మొదలైంది. బారెడు జడ మూరెడైంది. దువ్వెన తీస్తే చేతినిండా వెంట్రుకలు. అది కూడా టీవీలో కనిపించింది, ఎందుకు కనిపించదు? మళ్ళీ ఫోన్లు! చింతపండు మానమన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. అసలిన్నాళ్ళూ ఏదో తినకూడనిది దొంగతనంగా తింటోందని ఒకాయన తేల్చేశారు.

ఒక సాయంత్రం, వార్తల మధ్యలో, శ్రీవాణి గొంతు సన్నబడింది. ఒక వాక్యం మొదలుపెట్టి ఆగింది. చేతిలో కాగితం కింద పడింది. మరుక్షణం బల్ల మీదికి వాలిపోయింది. బంగారరాజు గారు "కెమెరా ఆపండి!" అని అరిచారు. నేను ఆ పిల్ల తల ఎత్తి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. అంత పల్చగా అయిపోయిందని, రోజూ ఎదురుగా చూస్తున్న నాకే అప్పటిదాకా తెలియలేదు.

రిక్షాలో దగ్గర్లోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. సుందరి గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూశారు. నాడి చూశారు.

"నిన్న ఏం తిన్నావమ్మా?"

"చారన్నం అండి."

"మొన్న?"

"చారన్నం అండి."

"ఎందుకు?"

శ్రీవాణి మొటిమలంది, జుట్టంది, వేడి వస్తువులంది. ఊళ్ళోవాళ్ళు చెప్పినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఇంత జరిగినా అంతవరకు ఆ పిల్ల కంట్లో నీరు నేను చూడలేదు.

మా స్టూడియో సంగతి నన్నడిగి తెలుసుకుని, డాక్టరమ్మ నెమ్మదిగా అన్నారు. "చూడమ్మా, ఈ వయసులో మొటిమలు రావడం మామూలే. తిండి వల్ల కొందరికి కొంచెం ఎక్కువవ్వచ్చు. నీకు మాత్రం ఆ లైట్ల వేడి, ఆ పూతే ఎక్కువ చెరుపు చేస్తున్నాయి. మేకప్ మానెయ్. బాగా నిద్రపో. ఇక జుట్టంటావా, అది కడుపు మాడ్చుకుంటే ఊడుతుంది. పప్పు తిను, గుడ్డు తిను, చేప తిను. మళ్ళీ వస్తుంది."

తిండికీ జుట్టుకూ సంబంధం ఉందా అంటే, ఉంది! తినకపోతే ఊడుతుంది. ఇన్ని ఫోన్లలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. "తిన్నావా అమ్మా" అని అడిగినవాళ్ళూ లేరు.

శ్రీవాణి కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంది. సుందరి గారు పక్కన కూచుని తినిపించారు. ఆ కొన్నాళ్ళూ బంగారరాజు గారు తన అకౌంట్స్ చూసే గంగాధర్ గారి చేత వార్తలు చదివించారు. గంగాధర్ గారు మంచివారు. ఒత్తులు పలకవు, అంతే. నెత్తి మీద వెంట్రుక లేదు. లైటు పడితే తళతళా మెరిసేది. బుగ్గలనిండా పాత మొటిమల మచ్చలు. మెడ మీద తామర. ఫోన్లు వచ్చాయి. మేము భయపడుతూ ఎత్తాం.

"కాలువ ఎప్పుడు వదులుతారన్నారండీ?" అని ఒకరు. "కొబ్బరి రేటు మళ్ళీ ఒకసారి చెప్పండి" అని ఇంకొకరు. ఆయన వంకాయ తింటున్నారో లేదో ఒక్కరూ అడగలేదు!

నెల తిరక్కుండా శ్రీవాణి తిరిగొచ్చింది. మొహంలో కళ వచ్చింది. మేకప్ లేదు. మొటిమలు ఒకటి రెండు ఉన్నాయి. జుట్టు ఇంకా పల్చగానే ఉంది. బంగారరాజు గారు ఇబ్బందిగా చేతులు నలుపుకున్నారు.

"అమ్మాయ్, ఏమీ అనుకోకమ్మా. ఆ మొహం పూర్తిగా నున్నగయ్యేదాకా గంగాధర్ గారే చదువుతారు. జనం ఏమైనా అంటారు కదా."

ఎప్పుడూ "ఆయ్, అలాగేనండీ" అనే పిల్ల ఆ రోజు అనలేదు. తిన్న మనిషి గొంతు వేరండీ!

"సరేనండి. అయితే గంగాధర్ గారికి జుట్టు వచ్చేదాకా ఆయన్నీ ఆపెయ్యండి. అప్పటిదాకా మాస్టారు చదువుతారు."

బంగారరాజు గారు గంగాధర్ గారి నెత్తికేసి చూశారు. తరవాత, ఏం తోచిందో, నాకేసి చూశారు. చూసి ఫక్కున నవ్వేశారు. శ్రీవాణి వెళ్ళి కుర్చీలో కూచుంది. నేను లేచి కిటికీలు తెరిచాను.

ఆయన ఎందుకు నవ్వారో మీకు చెప్పలేదు కదూ? నాకు ముప్ఫయ్యో ఏటనే నెత్తి మైదానమైపోయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా పెళ్ళిళ్ళలో పంక్తి చివరిదాకా కూచుని తింటున్నాను. వేడి వస్తువని ఎవరూ నా విస్తట్లోంచి ఒక్క గారె తియ్యలేదు. పైగా ఏమంటారో తెలుసా?

"మాస్టారిది విశాలమైన నుదురండీ! ఎంత చదువుకుంటే అలా వస్తుందో!"