తీతువు ఇచ్చిన నోటీసు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే తిరగడానికి సింహానికే బద్ధకం వేసేంత పెద్ద అడవిలో, ఒక తీతువు పిట్టా దాని మొగుడూ కాపలా ఉద్యోగం చేసేవి. వేటగాళ్ళు కనిపిస్తే అరవాలి, అరుపు విని సింహం గుహలో దూరాలి. అంతే పని. ఒకటి బండమీద కాపలా కాస్తుంటే రెండోది కిందికి పోయి గులకరాళ్ళ మధ్య గుడ్లు పొదిగేది.

ఇంతలో సింహానికి సంస్కరణల పిచ్చి పట్టుకుంది. చట్టాలు మరీ ఎక్కువైపోయాయట, చదవలేక కళ్ళు లాగుతున్నాయట. అన్నీ కలిపి ఒక్కటి చేసేసింది. ఇకమీదట విశ్రాంతి వేళలు రద్దు. అడవిలో ఎవరు గొంతెత్తాలన్నా యూనియన్ ద్వారా పక్షం రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ ఊపులోనే మొగుడు పిట్టని అవతలి కొండకి బదిలీ చేసింది.

గుడ్లు చల్లబడిపోతాయని తీతువుకి ఒకటే దిగులు. యూనియన్ అధ్యక్షుడైన కొంగ దగ్గరికి పరుగెత్తింది. ఒకప్పుడు ఒంటికాలిమీద నిరాహారదీక్ష చేసిన ఘనుడే ఆ కొంగ. ఇప్పుడు రాజుగారి చెరువు చేపల రుచి మరిగి, అదే కాలిమీద కునుకు తీస్తోంది.

"కాలం మారిందమ్మా," అంది కొంగ. "ఇప్పుడు యూనియన్ పని కొట్లాట కాదు, సర్దుబాటు. రాజుగారితో ఒప్పందం కుదిర్చాను. డ్యూటీ దిగాక నువ్వు ఎంతసేపైనా పొదుక్కోవచ్చు."

డ్యూటీ ఎప్పుడు దిగుతుందని అడిగితే, అది ఒప్పందంలో లేదంది. పైగా యూనియన్ తరఫున గుడ్లకి తలా ఒక ఉన్ని టోపీ బహూకరించి, చప్పట్లు కూడా కొట్టించుకుంది.

మర్నాడే వేటగాళ్ళు వల భుజాన వేసుకుని వచ్చారు. తీతువు అలవాటుకొద్దీ నోరు తెరిచింది. చట్టం గుర్తొచ్చి మూసేసింది. ఉద్యోగం పోతే పుట్టబోయే పిల్లల గతేం కాను? బుద్ధిగా కొంగ దగ్గరికి పోయి, వేటగాళ్ళొచ్చారు, అరవాలనుకుంటున్నానండీ, నోటీసు తీసుకోండి అంది. కొంగ తీరిగ్గా రాసుకుని ముద్ర వేసింది. గడువు తీరేదాకా బండమీద కూర్చోవడం కూడా రెచ్చగొట్టడం కిందికే వస్తుంది, ఇంటికి పొమ్మంది.

తీతువుకి ఆనందం పట్టలేదు. ఎగురుకుంటూ పోయి గుడ్లమీద కూర్చుంది. ఇంకా కాస్త వెచ్చగానే ఉన్నాయి. బతికించావు దేవుడా అనుకుంది.

అవతల, నిద్రపోతున్న సింహంమీద వల పడింది. అది అడవి అదిరేలా గర్జించింది. విడిపిద్దామని ఏనుగులు కదిలాయి కూడా. కొంగ రెక్కలు చాచి వాటికి అడ్డం నిలబడింది.

"క్షమించాలి ప్రభూ," అంది వినయంగా. "తమరు గొంతెత్తారు. నోటీసు ఇచ్చారా?"

ఏనుగులు చట్టానికి జడిసి వెనక్కి తిరిగాయి. ఇప్పుడిచ్చినా పక్షం రోజుల తర్వాత నిక్షేపంగా గర్జించుకోవచ్చని కొంగ ధైర్యం చెప్పింది. వేటగాళ్ళు మాత్రం అంతవరకూ ఆగలేదు.

నీతి: చట్టం అందరికీ సమానంగా వర్తించాలంటే పోరాటాలేవీ అక్కర్లేదు, రాజుగారు వలలో పడేదాకా ఓపిక పడితే చాలు.