భుజం దాటకూడని చెయ్యి

పక్షవాతంతో పడిపోయిన ఏ చెయ్యీ వైద్య పథకం కార్యాలయం అనుమతి లేకుండా లేవరాదు. ఈ మహత్తర సూత్రానికి లోబడే, ఫిజియో అమ్మాయి ఆ ఉదయం కప్పీ తాడు, చెక్క దిమ్మలు, రబ్బరు బంతి సంచిలో సర్దుతోంది. పెద్దాయన కుడిచేతికి మంజూరైన పన్నెండు పూటల వ్యాయామమూ అయిపోయింది.

పొడిగింపు కావాలంటే తనిఖీ అధికారి ఎదుట చెయ్యి లేపాలి. అసలు లేవకపోతే 'ప్రయోజనం లేదు' అని ఆపేస్తారు. భుజం దాటితే 'అవసరం లేదు' అని ఆపేస్తారు. (ఆపడంలో కార్యాలయం ఎవరికీ అన్యాయం చెయ్యదు.)

"తాతగారూ, గుండె దాకా చాలు. అత్యాశకు పోకండి" అంది ఫిజియో అమ్మాయి.

"ఇన్నాళ్ళూ లేపమని ప్రాణం తీశావు. ఇప్పుడు లేపొద్దంటావా?"

"ఆ భయమేం లేదులే అమ్మాయ్. అది ఏనాడు గుండె దాటింది గనక" అంది పెద్దావిడ. అంది గాని, పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. గడప దాటే మనిషికి చెయ్యి ఊపకపోతే మళ్ళీ రారని ఆవిడ నమ్మకం. మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా ఇంటిల్లిపాది చేతా ఊపించేది.

అధికారి వచ్చాడు. టేపుతో కొలిచాడు.

"గుండెకు రెండు వేళ్ళు కింద. ఆశాజనకం, అతి కాదు" అని ఇంకో పన్నెండు పూటలు రాసి, ఫైలు మూసి లేచాడు.

పెద్దావిడకి ప్రాణం లేచొచ్చింది. నలభై ఏళ్ళ అలవాటు నోట్లోంచి జారింది.

"ఏమండీ, ఆయన వెళ్తున్నారు. చెయ్యి ఊపండి."

పెద్దాయన ఎడమచేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. కుడిచెయ్యి లేచింది. గుండె దాటింది, భుజం దాటింది, చెవి పక్కన రెండుసార్లు ఊగింది. అందరికంటే పెద్దాయనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఫిజియో అమ్మాయి ఉండబట్టలేక చప్పట్లు కొట్టింది.

అధికారి ఒక కాలు గడప బయట ఉంది. (రెండో కాలు దాటేవరకు తనిఖీ ముగియదని నిబంధన.) ఫైలు మళ్ళీ తెరిచాడు.

"అభినందనలు" అంటూ 'అవసరం లేదు' అని రాశాడు.

"ఇంకోసారి లేపమనండి బాబూ, చూద్దాం" అంది పెద్దావిడ.

లేవలేదు.

"అది వచ్చే తనిఖీలో చూస్తామండీ. కోలుకున్నవాళ్ళకి తనిఖీ ఉండదు" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఫిజియో అమ్మాయి రబ్బరు బంతి సంచిలోంచి తీసి, పెద్దాయన ఒళ్ళో పెట్టి వెళ్ళింది. వీధి మలుపు దాకా పెద్దావిడ రెండు చేతులూ ఊపింది. పూర్తిగా కోలుకున్న చెయ్యి మాత్రం బంతి పక్కనే పడుంది.

ఫిజియో అమ్మాయి మళ్ళీ రాలేదు. ఫైలు ప్రకారం పెద్దాయన కోలుకున్న రోజు ఫిబ్రవరి పదకొండు, మంగళవారం.