ఖాళీ వదిలిన గడి

ఆ రోజు పదకొండు గంటలకు మామగారు ఒక పుస్తకం అడగాలి, మూడు లైబ్రరీలు జవాబు చెప్పాలి, చీఫ్ లైబ్రేరియన్ చూసి మెచ్చుకోవాలి. కోడలు వేసుకున్న పథకం అంతే.

ఆమె లైబ్రరీల ఆఫీసులో ప్రోగ్రామరు. మూడు లైబ్రరీల కంప్యూటర్లనూ ఒకేసారి అడిగి, పుస్తకం ఎక్కడుంటే అక్కడ పాఠకుడి పేరున పక్కన పెట్టించే ప్రోగ్రాం రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. అడిగేది క్లయింటు, జవాబు చెప్పేది సర్వరు. క్లయింటు ఆమెది. సర్వర్లను మూడు కంపెనీలు రాశాయి. అందరికీ కలిపి నియమాల పత్రం ఒక్కటే. ఆఫీసులో తను కట్టుకున్న నమూనా సర్వరుతో క్లయింటు తడబడకుండా మాట్లాడింది. పత్రం ఒక్కటే అయినప్పుడు తేడా ఎందుకొస్తుందని ఆమె ధీమా.

మొదటి పాఠకుడిగా మామగారినే ఎంచుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్లు గడియారాలు బాగుచేసి, మోకాళ్లు మొరాయించాక దుకాణం మూసిన మనిషి. కోడలి ప్రోగ్రాం తానే మొదట నడపబోతున్నానని అపార్టుమెంటు మెట్ల మీద ఎదురైన వాళ్లందరికీ రెండేసి సార్లు చెప్పారు.

పదకొండుకు ఆయన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని 'గోడ గడియారాలు' అని టైపు చేశారు. రచయిత పేరు గుర్తులేక ఆ గడి ఖాళీగా వదిలేసి మీట నొక్కారు.

మొదటి లైబ్రరీ సర్వరు ఖాళీ అంటే ఎవరైనా ఫరవాలేదనుకుని ఒక పుస్తకం పక్కన పెట్టింది. రెండోది ఖాళీ అంటే తప్పనుకుని మొండికేసింది. మూడోది ఖాళీ అంటే అన్నీ అనుకుని, తన దగ్గరున్న నాలుగు వేల పన్నెండు పుస్తకాలనూ మామగారి పేరున పక్కన పెట్టేసింది.

ఆఫీసు తెర మీద 'పక్కన పెట్టినవి: 4,013' అని కనిపించింది. చీఫ్ లైబ్రేరియన్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మీ మామగారికి చదివే అలవాటు బాగానే ఉన్నట్టుందే," అన్నారు.

రద్దు చేసే అధికారం ఆ మూడో లైబ్రరీ వాళ్లకే ఉంది. కోడలు ఫోను చేస్తే లైను ఖాళీ లేదు. అక్కడి లైబ్రేరియన్ అప్పటికే మామగారితో మాట్లాడుతోంది.

"సార్, మీరడిగినవన్నీ మీరే చదువుతారా?"

"ఇంకెవరు చదువుతారమ్మా? మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. మధ్యలో వదిలే అలవాటు నాకు లేదు."

"మళ్లీ ఎప్పుడిస్తారు?"

"రెండు వారాలు చాలు."

"వచ్చి తీసుకెళ్తారా?"

"మోకాళ్ల నొప్పులమ్మా. ఇంటికి పంపితే పుణ్యం కట్టుకున్నదానివవుతావు."

తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఇలాంటి పాఠకుడు ఆవిడకు తగల్లేదు. మహా పండితుడై ఉంటాడనుకుంది. వెంటనే వ్యాను పిలిపించి అలమర్లు వరసగా ఖాళీ చేయించింది.

కోడలు మూడు కంపెనీలకూ ఫోను చేసింది. ముగ్గురూ ఒకే మాట అన్నారు: "మాది నియమం ప్రకారమే ఉందండీ." పత్రం తీసి చూసింది. 'గడి ఖాళీగా ఉంటే తగినట్లు చూసుకోవాలి' అని ఉంది. ముగ్గురూ తమకు తగినట్లు చూసుకున్నారు.

ఇంతలో మామగారి ఫోను.

"అమ్మాయ్, మూడు వందల పుస్తకాలు దించి వెళ్లారు. హాల్లో కుర్చీ ఎక్కడుందో తెలియడం లేదు. ఇంకా చాలా ట్రిప్పులున్నాయట."

"తప్పు నాది కాదు మామయ్యగారూ. వాళ్ల సర్వర్లదే," అంది.

"ఎవరిదైతే ఏంటమ్మా. నా దగ్గరికొచ్చిన గడియారాల్లో కొన్నిటికి కీ కుడికి తిప్పాలి, కొన్నిటికి ఎడమకి. కంపెనీని తిడుతూ కూర్చుంటే ఒక్కటీ నడిచేది కాదు. ఎటు తిరుగుతుందో చూసుకుని తిప్పేవాణ్ని."

ఆమె కళ్లు తుడుచుకుని కొంగు బిగించింది. నమూనా సర్వరును ఆపేసింది. పుస్తకాలేవీ పక్కన పెట్టించకుండా వట్టి ప్రశ్నలు మాత్రమే అసలు సర్వర్లకు పంపి, ఏది దేనికి ఏమంటుందో రాసుకుంది. ఖాళీ గడిని మొదటిదానికి ఖాళీగానే పంపాలి. రెండోదానికి ఆ గడే పంపకూడదు. మూడోదానికి అందులో చుక్క పెట్టాలి. ఒకటికి మించి పుస్తకాలొస్తే ముందు పాఠకుణ్ని అడిగి తీరాలి. మూడు గంటలకల్లా మూడు సర్వర్లూ బుద్ధిగా జవాబు చెప్పాయి.

చివాట్లు తినడానికి సిద్ధపడి, చీఫ్ లైబ్రేరియన్ వెంట ఇంటికి వెళ్లింది. మెట్ల మీద జనం వరసకట్టి ఉన్నారు. పైన మామగారు బల్ల వేసుకుని, ఇరుగుపొరుగు వాళ్లకు పుస్తకాలిస్తూ, చీటీల మీద పేరూ తేదీ రాసుకుంటున్నారు. కోడలి ఫోను అందుకుని, పుస్తకాలు వెనక్కి తీసుకెళ్లడానికొచ్చిన మూడో లైబ్రరీ ఆవిడ పక్కనే కూర్చుని చీటీలు లెక్కపెడుతోంది.

"నూట నలభై వెళ్లాయి సార్," అంది చీఫ్ లైబ్రేరియన్‌తో. "పోయిన నెలంతా కలిపి మా దగ్గర పదకొండు వెళ్లాయి. రెండో వ్యాను పంపమని చెప్పనా?"

చీఫ్ లైబ్రేరియన్ తల ఊపారు.

"ప్రోగ్రాం మా కోడలే రాసింది," అని మామగారు వరసలో ఉన్న ప్రతి మనిషికీ విడివిడిగా చెప్పారు. ఆమె మొహమాటపడింది కానీ, వద్దనలేదు.

నెల తిరక్కుండా మరో అయిదు లైబ్రరీలు తమ సర్వర్లతో వచ్చాయి. ఒక్కోదాని తీరు ఒక్కోలా ఉన్నా, ఆమె క్లయింటు అన్నిటితోనూ నడిచింది.

నియమాల కమిటీ కూడా ఊరుకోలేదు. నాలుగుసార్లు సమావేశమై, పత్రంలో 'తగినట్లు' అన్న మాటను 'సముచితంగా' అని మార్చింది.