మా చెట్టు, వాళ్ల మేడ

ఇంటికో వర్షారణ్యపు చెట్టు ఉండి తీరాలని చట్టం తేవాలి! నవ్వకండి. ఏడేళ్లుగా అలాంటి చెట్టును పెంచుతున్నవాణ్ని, అనుభవం మీద చెబుతున్నాను.

నర్సరీ ఆయన మోకాలెత్తు మొక్కను చేతిలో పెట్టినప్పుడు దానికో లేబుల్ కట్టి ఉంది: ‘ఎర్రటి పూలు. ఇంటి తోటకు అనుకూలం.’ ఎవరి ఇంటికని నేను అడగలేదు.

మొదట అది మా కిటికీలోకి వచ్చే వెలుతురును మింగేసింది. ఎంత మేలు! లైటు వేస్తే తప్ప ఇంట్లో దుమ్ము కనిపించదు. తర్వాత బట్టలారే ఎండ పోయింది. తడి చొక్కాతో ఆఫీసుకు వెళ్లి చూడండి, పని చెప్పడానికి ఒక్కరైనా దగ్గరకొస్తారేమో! వేళ్లు పెరట్లో గచ్చును లేపేశాయి. ఇప్పుడు కుళాయి దాకా నడిస్తే చాలు, కొండెక్కినంత వ్యాయామం.

ఆకులంటారా? అవి పక్కింటి డ్రైవింగ్ మాస్టారి కారు మీద రాలేవి.

“చెట్టు మీది, చెత్త మాదా సార్?” అన్నారాయన గోడ మీదుగా.

“గాలినడగండి!” అన్నాను. మాటా మాటా పెరిగింది. “మీ గడప తొక్కితే నా పేరు మార్చుకుంటా!” అని అరిచాను. వీధి వీధంతా విన్నది. మూడేళ్లయింది. చూశారా, పొరుగువాళ్లతో కబుర్ల కింద పోయే టైమంతా మిగిలింది!

ఈ నెల చెట్టు పూసింది. అడవిలో పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? వెలుతురు కోసం ఎగబాకి, సరిగ్గా నడినెత్తిన పూసింది. కింద నిలబడి మెడ పట్టేసేలా చూసినా నాకు కనిపించేవి ఆకులే. పూలు చూడాలంటే మాస్టారి మేడ ఎక్కాల్సిందే.

మా ఆవిడ ఏ ఒట్టూ పెట్టుకోలేదు. రోజూ సాయంత్రం అక్కడే ఉంటోంది. గోడ అవతల నవ్వులు, కప్పుల చప్పుడు. ఇవతల నేనూ, చీపురూ.

“ఎలా ఉన్నాయే?” అని అడిగాను నిన్న.

“చెబితే తెలిసేవా? వచ్చి చూడండి.”

ఏడేళ్లు బకెట్లతో నీళ్లు మోసింది నేను! కడుపు మండదా?

మాస్టారు ఈ పత్రికను ఒక్క అక్షరం వదలకుండా చదువుతారని ఆవిడే చెప్పింది. పూలు ఇంకో వారమే ఉంటాయని కూడా చెప్పింది.

మాస్టారూ, ఆకులు నేనే ఊడుస్తాను. మేడ మెట్ల తలుపు తీసి ఉంచండి. కొత్త పేరేదో మీరే పెట్టండి.