జానెడు నీళ్ల పడవ

ధర్మపురి బస్సెక్కే ముందు శంకరయ్యకు మిగిలిన పని ఒక్కటే: ఇనుప గొట్టానికి బట్ట చుట్టడం. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే షెడ్డు అతనిది. చాలా కాలంగా అతని బుద్ధి మాత్రం గోదావరి మీదే ఉంది. ధర్మపురి రేవులో అతని దోస్తు ఎల్లన్న పడవకు నీళ్లను నెట్టే పంకాలు ఎన్ని బిగించినా, ఎండాకాలం ఇసుకకు తగిలి విరిగిపోయేవి. శంకరయ్య పంకాను గొట్టంలో దాచి, ఆ గొట్టాన్ని పడవ అడుగున చెక్కిన గాడిలోకి ఎత్తి బిగించే ఉపాయం కనిపెట్టాడు. ఎల్లన్న గాడి చెక్కించి, పొలం ఇంజను పడవలోకెక్కించి ఎదురుచూస్తున్నాడు.

కొత్త పనిముట్టును ఆనాడు మగ్గం మీది నుంచి దిగిన మొదటి కోత బట్టలో చుట్టి, పసుపుకుంకుమలు పెట్టి గడప దాటించడం ఆ ఇంటి ఆచారం. ఆనాడు దిగింది ఎర్రటి లంగా బట్ట.

"రేపు పచ్చది దిగుతది. ఒక్కనాడు ఆగరాదు?" అంది భార్య చంద్రవ్వ. "గీ దినాలల్ల ఎర్రబట్ట సుట్టిన గొట్టం వట్టుకొని బస్సెక్కుతవా?"

"లంగ బట్టను సూసి సుత బెదురుతరా?"

"గా దిక్కోళ్లల్ల, గీ దిక్కోళ్లల్ల, ఎవలల్ల నీ పేరు వడకుంట ఇల్లు జేరు. గంతే."

ఆ వీధిలో ఒక మనిషి పోలీసుల దిక్కని పేరు పడి తిరిగి రాలేదు. ఆ వెంటనే ఇంకొకడు అడవిలోని అన్నల దిక్కని పేరు పడి తిరిగి రాలేదు. చంద్రవ్వ వాళ్లిద్దరి ఇండ్లకూ పరామర్శకు వెళ్లి వచ్చింది.

జగిత్యాల దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఎస్ఐ కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. బట్ట విప్పించి, గొట్టంలోకి తొంగి చూసి, చప్పున తల పక్కకు తీశాడు.

"ఏంటిది?"

"పడవను నడిపేది, సార్."

"నేను లాంచీల మధ్య పుట్టినోణ్ణి. లాంచీకి నిలువు లోతు కావాలి."

శంకరయ్య అక్కడ నోరు మూసుకోవలసింది. కాని ఆ యంత్రం సంగతి ఓపికగా అడిగిన మనిషి లోకంలో ఆ ఎస్ఐ ఒక్కడే.

"దీనికి జానెడు నీళ్లు సాలు సార్! రేవుతోటి పనే లేదు. యాడంగ అంటె ఆడంగ దాటొచ్చు."

"ఇంజనుకి నూనె ఎంత?"

"సగమే తాగుతది. పెద్ద పంకా, మెల్లగ తిరిగి మస్తు నీళ్లు నూకుతది. ఒక్క డబ్బతోటి రాత్రంత నడుపొచ్చు."

"రాత్రంతా. అవతలి ఒడ్డున ఏముంది?"

"అడివి, సార్."

అప్పటికే ఒక కానిస్టేబులు అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"ఇది నడవకపోతే తుపాకీ. నడిస్తే వాళ్ల పడవ," అని తేల్చాడు ఎస్ఐ. "పద, ఏదో చూద్దాం."

జీపులో రేవుకు తీసుకుపోయి, పోలీసుల ఎదుటే గొట్టం బిగింపించారు. పడవ ఇసుక తిన్నెల మీదుగా బాతులా జారిపోయింది. పడవలో కూర్చున్న ఎస్ఐ ముఖం తీరం చేరేలోగా మారిపోయింది. "ఇది మాక్కావాలయ్యా! రేపట్నుంచి గాలింపుకి దీన్లోనే," అంటూ శంకరయ్యకు చాయ తెప్పించి, భుజం మీద చెయ్యి వేశాడు.

జీపు కదిలాక ఎల్లన్న ముఖం వేలాడేశాడు. "శంకరన్నా, సారు నిన్ను నాలుగు గుద్దినా బాగుండు. చాయ తాపిండు. ఒడ్డంత సూసింది."

పొద్దుగూకే వేళ ఎవరో వచ్చి ఇద్దరినీ చెరుకు తోటలోకి నడిపించుకుపోయారు. అన్నల దళం నాయకుడు ఒళ్లో తుపాకీ పెట్టుకొని కూర్చున్నాడు.

"పోలీసోళ్లకు పడవ జేసిచ్చినవట?"

శంకరయ్యకు ఈసారి బుద్ధి వచ్చింది. ఇన్నాళ్ల తన తెలివిని తన నోటితోనే నరికి పోగుపెట్టాడు. "అది నడువదన్నా. ఇసుక వడితె ఆగుతది. నూనె ఎడ్లు కుడితి తాగినట్టు తాగుతది."

"మరి పొద్దుగాల ఉరికిందట గదా?"

"పొద్దుగాల..." శంకరయ్య తుపాకీ వైపు చూశాడు. "వాళ్లను మోసం జేసిన."

నాయకుడు నవ్వాడు. "అయితె మనోనివే. గా పడవను నీ చేత్తోనే పలగొట్టు." చేతికి గొడ్డలి ఇచ్చారు.

పడవ ఎల్లన్నదే, ప్రాణం కూడా అతనిదే. అందుకని కన్నీళ్లు తుడుచుకుంటూ దారి చెప్పాడు: "గాడి కాడ కొట్టు అన్నా, ఆడ పల్చగున్నది. జల్ది అయిపోతది."

మర్నాడు గాలింపుకు వచ్చిన ఎస్ఐ చెక్కపేళ్లను చూశాడు. "ఎవడి పని?"

"అన్నలు పలగొట్టిపిచ్చిండ్రు, సార్," అన్నాడు శంకరయ్య. అంతకంటే నిజం అతని దగ్గర లేదు.

ఎస్ఐ మళ్లీ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మాకు సాయం చేశావని నీ మీద పగబట్టారన్నమాట. ఇక నువ్వు మా మనిషివి. నీ ప్రాణానికి నాది పూచీ." మామూలు బట్టల్లో ఇద్దరు జవాన్లను తోడిచ్చి జీపులో ఇంటికి పంపించాడు. వాళ్లు షెడ్డు ఎదుట అరుగు మీద స్థిరపడ్డారు. తమ మనిషిని పోలీసులు ఎత్తుకుపోతారేమోనని దళం కూడా ఇద్దర్ని పంపింది. వాళ్లు పక్కనున్న హోటల్లో స్థిరపడ్డారు.

"ఎవలల్ల వడ్డది పేరు?" అని లోపలి నుంచే అడిగింది చంద్రవ్వ.

"ఇద్దరు సుత మనోడే అంటున్నరు."

చంద్రవ్వ గడప దాకా వచ్చింది. తలుపు సగం మూసి, ఆ సందులోంచి ఇటు అరుగునూ అటు హోటలునూ చూసి, మిగతా సగం కూడా మూసేసింది.

సిరిసిల్ల మొత్తం మీద అంత కాపలా ఉన్న షెడ్డు మరొకటి లేదు. ఆ తరువాత అందులోకి ఒక్క మగ్గమూ బాగుకు రాలేదు.